తాళ్ళు విప్పకముందే

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ పడవ మీద చేయాలన్న ఆలోచన నాదే. షికాగో శివార్లలో మేముండే నేపర్‌విల్ చుట్టుపక్కల ఉన్న బాంక్వెట్ హాళ్ళన్నిటిలోనూ మా స్నేహితుల పిల్లల ఫంక్షన్లు అయిపోయాయి. ఏ హాల్లో పనీర్ ఎంత గట్టిగా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగల స్థితికి వచ్చాం. అందుకని షికాగో నదిలో తిరిగే రెండంతస్తుల బోటు ఒకటి మాట్లాడాను. వెనక ఆకాశాన్నంటే భవనాలు, ముందు అరటి పిలకలు. ఫొటోలు బాగా వస్తాయని మా ఆవిడ కూడా ఒప్పుకుంది. మా ఆవిడ మొదటిసారే ఒప్పుకోవడం అరుదు కాబట్టి వెంటనే బుక్ చేసేశాను. అమ్మాయిని అడగలేదు. ఫంక్షన్ తనదే అయినా అమ్మాయిని అడిగే ఆనవాయితీ మాకు లేదు.

అదే వసంతంలో స్కూల్లో తనకు హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చారు. మన దగ్గరలో జరిగి, మనకు తెలియకుండా పోయిన సంగతి ఏదైనా ఒకటి ఎంచుకోవాలి. తను ఒక ఓడను ఎంచుకుంది.

వందేళ్ళ పైమాట. ఒక ఫ్యాక్టరీ ఉద్యోగులంతా కుటుంబాలతో పిక్నిక్‌కి వెళ్ళడానికి ఓడలు మాట్లాడుకున్నారు. చినుకులు పడుతున్న పొద్దున జనం ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని మొదటి ఓడ ఎక్కారు. ఓడ అటు కొంచెం, ఇటు కొంచెం ఊగింది. తర్వాత తీరిగ్గా పక్కకి పడుకుంది. అప్పటికింకా దాన్ని ఒడ్డుకి తాళ్ళతో కట్టే ఉంచారు. ఎనిమిది వందల మందికి పైగా పోయారు. కొన్ని ఇళ్ళలో తలుపు తీయడానికి కూడా ఎవరూ మిగల్లేదట.

"సముద్రం కూడా కాదు డాడీ. రివర్. ఇంకా రోప్ కట్టే ఉంది," అంది అమ్మాయి, వంటింటి బల్ల మీద అట్టముక్కలు అతికిస్తూ.

అంతకు మూడేళ్ళ ముందు నడిసముద్రంలో పేరున్న ఓడ మునిగిందని, ఓడల మీద ప్రాణరక్షణ పడవలు ఎక్కువ పెట్టాలన్నారట. దీని నెత్తిన కూడా పెట్టారు. అసలే తలబరువు ఓడ.

"అంటే సేఫ్టీ కోసం పెట్టినవే ముంచాయన్నమాట," అన్నాను. "మా ఆఫీస్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ లాగా."

తను నవ్వలేదు. జిగురు సీసా మూత పెట్టి, "బోట్ వద్దు డాడీ. హాల్ బుక్ చెయ్యి," అంది.

"ఎందుకు?"

"సేమ్ రివర్."

"అది ఆవిరి ఓడమ్మా. మనది డీజిల్."

"నువ్వు జోక్ చేస్తున్నావా, ఆన్సర్ చెప్తున్నావా?"

"రెండూ."

ఆ తర్వాత తను ఆ మాటెత్తలేదు. నేను గెలిచాననుకున్నాను. ఎప్పుడో ఏడ్చి మానేసిన ఈత క్లాసుకి మళ్ళీ వెళ్తానంటే వేసవి కదా అనుకుని సంతోషించాను. ఒకరోజు పాత పట్టులంగా ఒకటి బాత్‌రూమ్‌లో నీళ్ళు కారుతూ వేలాడుతుంటే మా ఆవిడ ఇల్లు ఎగిరేలా అరిచింది. అమ్మాయి కారణం చెప్పలేదు. పెద్దపిల్ల అవుతోంది, ఇకనుంచి కారణాలు ఉండవు కాబోలు అని సరిపెట్టుకున్నాం.

పిలుపులు ఫోన్లోనే అయ్యాయి. బోటు వాళ్ళు ఇంతమందే అని గట్టిగా చెప్పారు కాబట్టి వచ్చేవాళ్ళ లెక్క అవసరమైంది. మనవాళ్ళ జవాబులు అర్థం చేసుకోవడం ఒక విద్య. "తప్పకుండా వస్తాం" అంటే రారు. "ట్రై చేస్తాం" అంటే మామూలుగా రారు, కానీ వస్తే చెప్పకుండా వస్తారు. టెక్సస్‌లో, కాపెల్‌లో ఉండే మా బావమరిది "ట్రై చేస్తాం అక్కా, ఆఫీస్‌లో రిలీజ్ ఉంది" అన్నాడు. ఓణీ పెట్టాల్సిన మేనమామ అతనే. అతను రాలేకపోతే వరసకి తమ్ముడయ్యే ఇంకొకరితో పెట్టిద్దామని మా ఆవిడ కళ్ళు తుడుచుకుని సర్దుకుంది. నేను బావమరిదినీ, అతని భార్యనీ లెక్కలోంచి తీసేశాను.

ఫంక్షన్ రోజు మధ్యాహ్నం నది పక్కన పట్టుచీరలు, అల్యూమినియం ట్రేలు, కొబ్బరికాయల సంచీ, వారమంతా డేటాబేస్‌లు చూసుకుని శనివారం సంకల్పం చెప్పే మా పంతులుగారు, అందరూ బోటెక్కారు. అమ్మాయి చివర ఎక్కింది. ఒడ్డు నుంచి బోటులోకి వంతెనలా వేసిన చెక్క మీద ఒక్క క్షణం ఆగింది. లంగా తొక్కుకుంటోందేమో అనుకుని మా ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తిపట్టింది.

అప్పుడే ఒడ్డు మీద టాక్సీ ఆగి, అందులోంచి మా బావమరిది, అతని భార్య దిగారు. చేతిలో ఓణీ ఉన్న పళ్ళెం.

"సర్‌ప్రైజ్ బావా!" అంటూ భార్యతో సహా ఎక్కేశాడు.

మా ఆవిడ ఏడ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. చేతిలో లెక్కపెట్టే క్లిక్కర్ పట్టుకుని ద్వారం దగ్గర నిలబడిన కెప్టెన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమెకి ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇద్దరు ఎక్కువయ్యారని, ఎవరైనా ఇద్దరు దిగితే తప్ప తాళ్ళు విప్పనని చాలా మర్యాదగా చెప్పింది.

చంటిపిల్లలు ఇద్దరున్నారు కదా, తల్లుల ఒళ్ళోనే ఉంటారు, వాళ్ళని లెక్కలోంచి తీసేస్తే సరిపోతుంది కదా అని నేనూ మర్యాదగానే అడిగాను.

"పిల్లలు కూడా మనుషులే సర్," అంది.

నా వెనకే అమ్మాయి ఉంది. విన్నది.

ఇక మొదలైంది.

"అన్నా, మేం దిగుతం. ఏం గాదు," అన్నాడు పక్కవీధి వరంగల్ మిత్రుడు.

"ఛఛ, మీరు కూర్చోండి," అన్నాను.

"మేం దిగిపోతాం బావా, వీడియో కాల్‌లో చూస్తాం," అన్నాడు మా బావమరిది.

"ఓణీ ఎవరు పెడతార్రా? నోర్మూసుకో," అంది మా ఆవిడ.

"పోనీ నేను దిగనా?" అన్నారు పంతులుగారు. ఆయన్ని ముగ్గురు పట్టుకుని కూర్చోబెట్టారు.

దిగుతాననడం మర్యాద. దిగమనడం అవమానం. నిజంగా దిగడం అన్నది మన పద్ధతిలోనే లేదు. కాబట్టి అందరూ దిగుతామంటూ ఎవరి కుర్చీలో వాళ్ళు ఉండిపోయారు. ఈ లోపల కెప్టెన్ రెండుసార్లు గడియారం చూసుకుంది. అందరూ నావైపు చూశారు. పిలిచినవాణ్ణి నేనే.

"నేను దిగుతా," అంది అమ్మాయి.

అందరూ నవ్వారు. "చూశారా, ఎంత మంచి పిల్లో!" అంది ఒక ఆంటీ. పిల్ల మర్యాద నేర్చుకుందని నేను కూడా మురిసిపోయాను. తను మాత్రం రెండు చేతులతో లంగా ఎత్తి పట్టుకుని చెక్క మీదుగా నడిచి ఒడ్డు మీదికి వెళ్ళిపోయింది. అమెరికాలో పుట్టిన పిల్ల. దిగుతానంటే దిగడమే అనుకుంటుంది.

"ఏమండీ!" అంది మా ఆవిడ. నేను వెనకాలే పరిగెత్తాను. నా వెనక కెప్టెన్ గేటు వేసేసింది. ఇద్దరు ఎక్కువ, ఇద్దరు దిగారు. ఆమె లెక్క సరిపోయింది. వెనక ఇంకో బోటు ఆ చోటు కోసం హారన్ కొడుతోంది. తాళ్ళు విప్పారు.

అలా ఓణీల ఫంక్షన్ పంతులుగారితో, భోజనాలతో, ఓణీతో సహా బయల్దేరింది. ఓణీ కట్టుకోవాల్సిన పిల్ల ఒడ్డున ఉండిపోయింది.

నేను ఊపిరి తీసుకుంటూ తన పక్కన నిలబడ్డాను.

"చెప్పుండాల్సింది కదమ్మా," అన్నాను.

"చెప్పా. నువ్వు డీజిల్ అన్నావు."

నోటికి ఇంకో జోకు వచ్చింది గానీ మింగేశాను.

"పట్టు వెట్ అయితే చాలా హెవీ డాడీ," అంది. "పాత లంగా టబ్‌లో పెట్టి చూశా. లిఫ్ట్ చెయ్యలేకపోయా. ఆ ఓడలో కూడా ఈత వచ్చినవాళ్ళు ఉన్నారు. లాంగ్ డ్రెస్‌లు."

వాళ్ళమ్మ అరిచిన రోజు గుర్తొచ్చింది. ఈత క్లాసు గుర్తొచ్చింది. పదమూడేళ్ళ పిల్ల మా ఇంట్లో, మా ఎదురుగానే, ఒక్కతే మునిగిపోవడానికి సిద్ధమవుతుంటే మేం అరటి పిలకలు ఎక్కడ దొరుకుతాయా అని వెతుక్కున్నాం.

కొంచెం దూరం నడిపించి ఒక స్మారక ఫలకం చూపించింది. ఆ ఓడ గురించే. రోజూ పొద్దున ట్రెయిన్ దిగి ఆఫీసుకి ఆ దారినే వెళ్తాను. కాఫీ కప్పు పెట్టుకుని షూ లేసు కట్టుకోవడానికి అనువైన చోటని దాన్ని ఎరుగుదును.

"అందరూ ఒకవైపుకి పరిగెత్తారని పడిపోయిందా?" అని అడిగాను. మొదటిసారి నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"ఫస్ట్ అలాగే అన్నారు. కానీ పీపుల్ ఫాల్ట్ కాదు. ఓడే బాగాలేదు. కానీ..." అంటూ ఆగిపోయింది.

మా బోటు వంతెన దాటి, మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మా ముందునుంచే వస్తోంది. ఎవరో మమ్మల్ని చూశారు. "అదిగో పెళ్ళికూతురు!" అని అరిచారు. అంతే, పట్టుచీరలన్నీ లేచి ఒడ్డువైపు రెయిలింగ్ మీదికి వచ్చేశాయి. అందరి చేతుల్లోనూ ఫోన్లు. బోటు మావైపు ఒరిగింది. ఎంతో కాదు, నిలబడి చూస్తున్నవాడికి తెలిసీ తెలియనంత.

అమ్మాయి ఒడ్డు అంచుదాకా పరిగెత్తింది.

"వెనక్కి వెళ్ళండి! అటు! అటు!" అంటూ రెండు చేతులూ ఊపింది. వాళ్ళు చాలా సంతోషించి రెండు చేతులూ ఊపారు. మైకులో కెప్టెన్ ఏదో అంటోంది. మనవాళ్ళు మైకు విని కూర్చున్న సందర్భం నేనెరగను.

అమ్మాయి నా జేబులోంచి ఫోన్ లాక్కుంది. "అమ్మా, నువ్వు అటు సైడ్‌కి వెళ్ళు. ప్లీజ్. అందరూ ఇటే ఉన్నారు. ప్లీజ్ అమ్మా."

గుంపు మధ్యలో మా ఆవిడ ఫోన్ చెవికి పెట్టుకుని మావైపు చూసింది. ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. తమ్ముడి చేతిలోంచి ఓణీ పళ్ళెం తీసుకుని, గుంపులోంచి బయటపడి, ఖాళీ కుర్చీల మధ్యగా నడిచి, అవతలి రెయిలింగ్ దగ్గర ఒక్కతే వెళ్ళి కూర్చుంది.

"థాంక్యూ," అంది అమ్మాయి ఫోన్లో. వాళ్ళమ్మ కనపడకుండా పోయేదాకా ఫోన్ పెట్టెయ్యలేదు.

ఒక్క మనిషి బరువుకి అంత పెద్ద బోటు సర్దుకోదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నాకు తెలుసు. చెప్పలేదు.