ముహూర్తానికి తెరిచిన లాగిన్

ఫిల్మ్‌నగర్‌లో మా డబ్బింగ్ స్టూడియోలో ఆ ఉదయం డేటాబేస్ ఆగిపోయింది. ఏ డైలాగు అయింది, ఏది మిగిలింది, అన్నీ అందులోనే. అది లేవకపోతే తెర మీదికి బొమ్మ రాదు. అద్దం తలుపు అవతల హీరోయిన్‌కి గొంతిచ్చే ఆవిడ మెడకు శాలువా చుట్టుకుని, ఫ్లాస్కులో మిరియాల కషాయం తాగుతూ కూర్చుంది. మర్నాడు ఆవిడకు గొంతు ఆపరేషన్. తర్వాత ఈ గొంతే ఉంటుందని డాక్టరు మాటివ్వలేదు.

పాత అడ్మినిస్ట్రేటర్ మానేశాక ఆ పని నా నెత్తిన పడింది గానీ, డేటాబేస్‌ను లేపే హక్కున్న డీబీఏ గ్రూపులో నన్నెవరూ చేర్చలేదు. యూసుఫ్‌గూడలో ఉండే మా సిస్టమ్స్ అతనికి ఫోన్ చేశాను.

"మీ పేరు ఎక్కించిన మేడమ్, జర చూడుండ్రి."

చూశాను. డేటాబేస్‌ను లేపబోతే అనుమతి లేదంది. కొత్త విండో తెరిచాను, అదే మాట. ఇంకోటి తెరిచాను. గ్రూపు జాబితాలో మాత్రం నా పేరు నిక్షేపంగా ఉంది.

"పేరుంది గదా, ఇంకేంది ఫికర్?" అన్నాడు. ఒళ్లు మండింది.

అప్పుడు వెలిగింది. లాగిన్ అయిన క్షణాన ఏ గ్రూపుల్లో ఉన్నామో అవే మన వెంట ఉంటాయి. ఎన్ని విండోలు తెరిచినా అన్నీ ఆ పాత లాగిన్ పిల్లలే. బయటికెళ్లి మళ్లీ రావాలి. మౌస్ పట్టుకున్నానో లేదో మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"మూయకండి మేడమ్! డబ్బింగ్ పూజ రోజు ప్రొడ్యూసర్ సార్ దగ్గరుండి ముహూర్తానికి ఈ లాగిన్ మీచేత తెరిపించారు. డబ్బింగ్ పూర్తయి గుమ్మడికాయ కొట్టేదాకా మూయకూడదండీ."

నిజమే. మానిటర్ మీద కుంకుమబొట్టు ఇంకా ఉంది. ఆ రోజు హారతి కళ్లకద్దుకున్నదాన్నే. ఇప్పుడు మాత్రం ఆ మేనేజర్నీ ఆ బొట్టునీ కలిపి కిటికీలోంచి పారెయ్యాలనిపించింది. సార్‌ని అడుగుతానని ఫోన్ పట్టుకున్నాడు. సార్ ఎత్తలేదు. అవతల ఆవిడ దగ్గు వినిపిస్తూనే ఉంది.

చివరికి ఆవిడే లేచి వచ్చింది. కర్పూరం వెలిగించందే మైకు ముందు నిలబడని మనిషి.

"రేపు డాక్టరు పెట్టిందీ ముహూర్తమే కదమ్మా. నువ్వు మూసెయ్," అంది బొంగురుగా.

మూశాను. మళ్లీ లోపలికి వచ్చేసరికి నా గ్రూపుల్లో డీబీఏ కూడా ఉంది. డేటాబేస్ లేచింది. మిగిలింది ఒక్క డైలాగు.

ఆవిడ కషాయం ఓ గుటక మింగింది. ఎక్కడ దాచుకుందో, పదహారేళ్ల పిల్ల గొంతుతో చెప్పేసింది. సౌండ్ ఇంజనీరు బొటనవేలు ఎత్తాడు. ఆవిడ మైకు ముందు నుంచి కదల్లేదు.

"బాగా వచ్చిందండీ, అయిపోయింది," అన్నాడతను.

"వచ్చిందని తెలుసు నాయనా. ఇంకోసారి చెప్పనీ."