రమ్మంటే ‘ఆయ్’ అన్నారు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయే రకాన్ని నేను. కువైట్‌లో ఒక ముసలావిడకి సేవ చేస్తూ చాలా ఏళ్ళు ఉన్నాను. ఆవిడ పోయిన రాత్రి కూడా ఆ గదిలోనే పక్కేసుకుని పడుకున్నాను. ఏమీ రాలేదు, ఏమీ కనపడలేదు. తెల్లారేదాకా సుబ్బరంగా నిద్రపోయాను. కాబట్టి ఇది చదివి, పాపం పిరికిదనుకోకండి. నాకు భయం తక్కువ, కోపం ఎక్కువ. మా ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాటే చెప్తారు.

మాది మలికిపురం నుంచి సముద్రం వైపు వెళ్తే గోదావరి పాయ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. చేపల వేట మీద బతికే ఇళ్ళు. కువైట్ నుంచి వచ్చేశాక అమ్మ దగ్గరే ఉంటున్నాను. పక్కిల్లు అన్నయ్యది.

అన్నయ్యకి షుగరు. మాత్రలతో తగ్గడం లేదని అమలాపురంలో డాక్టరు గారు కొత్తగా ఇన్సులిన్ రాశారు. సూది వేసుకున్నాక తినకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కువైట్‌లో ఆ ముసలావిడ ఒకసారి నా చేతుల్లోనే ఒరిగిపోయింది. ఒళ్ళంతా చెమట, మాట పడిపోవడం, ఆ తరవాత స్పృహ ఉండదు. ఎవరూ చూసి వెంటనే పంచదార పెట్టకపోతే మనిషి దక్కడు. వదిన కూతురి పురిటికి రాజోలు వెళ్తూ, “మీ అన్నయ్యకి వేళకి తిండి పెట్టు నాగమణీ, నా మాట వినరు, నీకైతే భయపడతారు” అని నాకు అప్పజెప్పి వెళ్ళింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మొన్న ఏడాది పోలేదు. శివరాత్రి దాటినా పొద్దున్నే దుప్పటి వదలబుద్ధయ్యేది కాదు, మధ్యాహ్నానికి జాకెట్టు తడిసిపోయే ఉక్క, సాయంత్రమైతే ఉరుములు. మామిడి పూత మంచుకి మాడి రాలిపోయింది. ఊళ్ళో సగం మందికి దగ్గు. ఫోన్లలో రోజూ ఒకటే సమాచారం. తెల్లవారుజామున దట్టంగా పొగమంచు, ఆ తరవాత ఉరుములూ పిడుగులూ ఈదురుగాలులూ, ఎవరూ నీళ్ళ మీదకి వెళ్ళొద్దని.

ఆ రోజు పొద్దున్న ఇడ్లీలు పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. గడియ తీసి చూస్తే బల్ల మీద వాడేసిన సూది ఉంది. పొయ్యి వెలిగించిన జాడ లేదు. చూరులో తెడ్డు లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గాలి లేస్తే వల చిరిగిపోతుందని, వాన రాకముందే తీసుకొచ్చేద్దామని వెళ్ళిపోయాడన్నమాట. అలవాటుకొద్దీ సూది వేసేసుకున్నాడు, తినడం మర్చిపోయాడు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అప్పటికి కోపం పోయింది.

పంచదార పొట్లం కొంగున కట్టుకుని, నీళ్ళ సీసా పట్టుకుని రేవుకి పరుగెత్తాను. రేవంటే అక్కడ రేవు కనపడితే కదా! చెయ్యి చాపితే వేళ్ళు కనపడడం లేదు. సూరిబాబు గారు ఒడ్డున బీడీ కాల్చుకుంటూ కూర్చున్నారు. ఆయనకి ఒక ఇంజన్ బోటు, ఒక చిన్న నావ ఉన్నాయి.

“మీ అన్నయ్య చీకటుండగానే వెళ్ళేడండీ. నేనొద్దన్నానండీ, ఇప్పుడే వచ్చేస్తానన్నాడండీ” అన్నారు.

“అన్నయ్య తినకుండా సూది వేసుకున్నాడండీ. నేను వెళ్ళాలి.”

“తస్సదియ్యా! ఈ మంచులో ఎక్కడికెళ్తారండీ? కాసేపాగితే తేరుకుంటదండీ.”

“మంచు తేరుకునేసరికి పిడుగులు మొదలవుతాయండీ. మీ చిన్న నావ ఇవ్వండి. ఇవ్వనంటే ఈదుకుంటూ పోతాను.”

నేను అన్నంత పనీ చేస్తానని ఆయనకి తెలుసు. ఇంజన్ బోటు వేసుకుని తనూ వస్తానన్నారు. ఇంజన్ చప్పుడులో అన్నయ్య కేక వేసినా వినపడదని వద్దన్నాను. ఆయన్ని ఒడ్డునే ఉండి అల్యూమినియం బేసిన్ మీద కర్రతో కొడుతూ ఉండమన్నాను. ఆ చప్పుడును బట్టి తిరిగి రావచ్చు. ఆయన వెంటనే ఇంట్లోంచి బేసిన్ తెచ్చుకున్నారు.

నావ వేసుకుని బయల్దేరాను. పుట్టిందే ఈ నీళ్ళ పక్కన, తెడ్డు వెయ్యడం మర్చిపోలేదు. కానీ అంత మంచులో నేనెప్పుడూ వెళ్ళలేదు. తెల్లటి గోడలోకి నావ తోసినట్టు ఉంది. వెనక బేసిన్ చప్పుడు, కింద నీళ్ళ చప్పుడు, అంతే. దూరంగా ఎక్కడో ఉరుము ఆగి ఆగి గొణుగుతోంది. నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. అన్నయ్య పడవ కూడా అటే కొట్టుకుపోయి ఉంటుందని అటే వేశాను. తీసుకొస్తాను, తీసుకురాకుండా మాత్రం వెనక్కి రాను అని పైకే అనుకున్నాను.

“అన్నయ్యా!” అని కేకేశాను.

జవాబు లేదు. మళ్ళీ పిలిచాను.

“ఆయ్” అని వినపడింది.

కుడి చేతి వైపు, ఉప్పునీళ్ళలోకి వేళ్ళు దించుకుని మడచెట్లుండే దిక్కునుంచి. ప్రాణం లేచొచ్చింది. అటు తిప్పాను. తెడ్డు వేస్తూనే తిట్లు లంకించుకున్నాను. “బుద్ధుందా నీకు? వల ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా? అక్కడే ఉండు, కదలకు!”

“ఆయ్.”

పిలిచినప్పుడల్లా పలికింది. నేను పక్కకి పోతే ఆ మాట పక్కనుంచి వచ్చేది, సరిచేసుకుని మళ్ళీ అటు తిప్పేదాన్ని. కంగారు లేని గొంతు. ఇంట్లోంచి ఎవరైనా పిలిస్తే వీధరుగు మీద కూర్చుని పలికినట్టు ఉంది. అలా పోగా పోగా నా నావ ముక్కు దేనికో తగిలింది. అన్నయ్య పడవ. మడవేళ్ళలో ఇరుక్కుని ఉంది.

అన్నయ్య వల మీద పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. పిలిస్తే పెదవులు కదిపాడు గానీ శబ్దం రావడం లేదు. నేను ఆ పడవలోకి దూకి, పంచదార తడిపి, చెంప లోపలా చిగుళ్ళకీ రాస్తూ కూర్చున్నాను. “మింగు అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, మింగు” అని ఏడ్చేశాను. చాలాసేపటికి నాలుక కదిలింది. ఆ తరవాత కొద్దికొద్దిగా పంచదార నీళ్ళు మింగాడు. చెయ్యి నా మోచేతి మీద వేశాడు.

అప్పుడు తట్టింది. ఈ మనిషికి నోరు మెదపడానికే ఓపిక లేదు. మరి ఇందాకటి నుంచీ పలికిందెవరు?

భయం వెయ్యలేదు, నిజం చెప్తున్నాను. ఎవరో వేటకొచ్చిన మనిషి, అన్నయ్య పడిపోయింది చూసి, ఆయన బదులు పలుకుతూ నాకు దారి చూపించారనుకున్నాను. మా కోనసీమ వాళ్ళకి మర్యాద ఒక జబ్బు. సాయం చేసిన మనిషిని ఒక మాట అనకుండా వెళ్ళిపోవడానికి నోరు రాలేదు.

“ఎవరండీ అక్కడ? మీ పుణ్యమా అని మా అన్నయ్య దక్కేడండీ. ఉరుములొస్తున్నాయి, మీరూ వచ్చేయండి. మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్దురుగాని” అని మంచులోకి కేకేశాను.

“ఆయ్” అన్నారు.

బాగా దగ్గరగా. కొమ్మ పక్కకి తప్పిస్తే కనపడేంత దగ్గరగా. నేను ఆగాను. తెడ్డు చప్పుడు లేదు, నీళ్ళు కదలలేదు. గాలి ఉన్నట్టుండి ఇంకా చల్లబడింది, వాన ముందు వచ్చే చలి అది. ఉరుము ఈసారి నెత్తి మీదే పడ్డట్టు వినపడింది. ఇంక ఆగలేను. సూరిబాబు గారి నావని వెనక కట్టుకుని, పడవని మడవేళ్ళలోంచి నెట్టి, బేసిన్ చప్పుడు వైపు తిప్పాను. చేతులు పడిపోయేలా తెడ్డు వేశాను. సగం దూరం వచ్చాక మనసొప్పక వెనక్కి తిరిగి, “రండి మరి!” అని అరిచాను.

“ఆయ్.”

ఎంత దగ్గరగా ఇందాక వినపడిందో, అంత దగ్గరగానే.

ఒడ్డుకి చేరేసరికి వడగళ్ళతో వాన దిగింది. సూరిబాబు గారు అన్నయ్యని భుజాన వేసుకుని ఇంటికి చేర్చారు. సాయంత్రానికి మనిషి తేరుకుని అన్నం తిన్నాడు. అప్పుడు నేను అడిగాను, ఎవరైనా కనపడ్డారా అని.

“కనపడలేదే. నువ్వు పిలుస్తుంటే వినపడుతూనే ఉంది. పలుకుదామంటే నోరు తిరగలేదు. నా తల దగ్గర ఎవరో ఆయ్, ఆయ్ అంటున్నారు. సూరిబాబు గారనుకున్నాను” అన్నాడు. “అయినా నువ్వెలా అనుకున్నావే నేనని? చెల్లెలు పిలిస్తే ఆయ్ అంటానా నేను?”

నిజమే. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నాకు ‘ఊఁ’ అంటాడు, ‘ఏంటే’ అంటాడు. ‘ఆయ్’ మేం పెద్దవాళ్ళకీ పై వాళ్ళకీ మర్యాదగా పలికే మాట. ఆ కంగారులో నాకది తట్టనే లేదు.

సూరిబాబు గారిని అడిగాను. నా కేకలన్నీ ఒడ్డుకి స్పష్టంగా వినపడ్డాయట. బదులు మాత్రం ఒక్కటీ వినలేదట. “మీరొక్కరే మాటాడుకుంటున్నారండీ. నేను బేసిన్ ఇంకా గట్టిగా కొట్టేనండీ” అన్నారు.

ఊరుకునే మనిషిని కాదు నేను. వాన వెలిశాక రెండు ఒడ్డులూ తిరిగాను. ఆ పొద్దున్న మా అన్నయ్య తప్ప ఎవరూ నీళ్ళ మీదకి వెళ్ళలేదు. ఎవరింట్లోనూ మనిషి తప్పిపోలేదు. ‘అన్నయ్యా’ అన్న నా కేకే మంచులో తిరిగొచ్చి ‘ఆయ్’లా వినపడిందని ఫోన్లో ఇదంతా విన్న మా మేనల్లుడు అన్నాడు. సరే అనుకున్నాను. మరి ‘టీ తాగి వెళ్దురుగాని’ అంటే కూడా ‘ఆయ్’ అనే వస్తుందా? అన్నయ్య తల దగ్గర కూడా వినపడుతుందా? 

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. “ఇంటికి రమ్మన్నావా?”

“మరి రమ్మనద్దా? అన్నయ్యని దక్కించిన మనిషిని?”

“ఆయ్ అన్నాడా?”

“అన్నారు.”

అమ్మ లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గర నిలబడి కాసేపు బయటికి చూసి వచ్చింది.

నేను ఇప్పటికీ దెయ్యాలని నమ్మను. దీన్ని ఏమనాలో కూడా తెలియదు. మా అన్నయ్య రోజూ నా ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తింటున్నాడు, నాకది చాలు. ఆ మనిషి ఎవరైనా సరే, వస్తే టీ పెడతాను, కుర్చీ వేస్తాను, భయపడను. మా వైపు ఆయ్ అన్న మనిషి ఆలస్యంగానైనా వస్తాడు. ఇంకా రావాలో, ఎప్పుడో వచ్చేశారో, అదొక్కటే నాకు తెలియడం లేదు.