భుజం మీద రెండు వేళ్ళు

మా బస్సు దారిమధ్యలో మొరాయించింది. డీజిల్లో నీళ్ళు కలిశాయని డ్రైవరు, కాదు ఫిల్టరు మూసుకుపోయిందని కండక్టరు. ఇద్దరూ ఇంజనులో తలలు దూర్చి ఒకరి తాతముత్తాతల్ని ఒకరు తలుచుకుంటున్నారు. నాకేం తొందర లేదు. డెబ్బై నాలుగేళ్ళవాడు ఎంత ఆలస్యంగా వెళ్ళినా, వచ్చాడు అదే చాలు అనుకుంటారు. సంచి భుజాన వేసుకుని, బస్సు ఆగిన చోటికి పక్కనే ఉన్న పెట్రోలు బంకు వెనక్కి నడిచాను. అక్కడ నాలుగు ఛార్జింగ్ స్తంభాలు, వాటి మీద రేకుల నీడ, ఒక సిమెంటు బల్ల. మూడు స్తంభాలు ఖాళీ. నాలుగోదానికి ఒక తెల్లకారు పాలు తాగే దూడలా అతుక్కుని ఉంది.

బల్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై అయిదు దాటి ఉంటాయి. మడత నలగని చొక్కా, తుడిచిన బూట్లు. మెడలో మాత్రం పసుపుపచ్చ డిప్పలు రెండు, బద్దీతో కలిపినవి, వేలాడుతున్నాయి. రేకులు కోసే కర్మాగారాల్లో రొదకు చెవులు పోకుండా పెట్టుకుంటారే, అవి.

నాకు నోరు ఊరుకోదు. "ఆ కారుకి చప్పుడే ఉండదు కదండీ, మీకివెందుకు?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ మాట లోపల టీ తాగుతున్న మా అయ్యగారిని అడగండి పెద్దాయనా," అంటూనే పక్కకు జరిగి చోటిచ్చాడు. "చప్పుడు లేని బండిని చెవులు మూసుకుని నడపాలంట నేను! ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంటి డ్రైవర్ని."

కారు నిండడానికి ఇంకో అరగంట. మా బస్సు సంగతి దేవుడెరుగు. ఈ కరెంటు బళ్ళ వల్ల ఒక మేలు జరిగింది. బంకులో డీజిలు పట్టించుకునే అయిదు నిమిషాల్లో ఎవడూ ఎవడికీ ఏమీ చెప్పలేకపోయేవాడు. అయినా మర్యాదకి, "ఇంతసేపు కాచుకోవడం విసుగేలెండి" అన్నాను.

"బండినేం అనకండి. బండి బంగారం." మోకాలు తట్టి చూపించాడు. "ఈ ఎడమ మోకాలు క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిపోయింది. ఇప్పుడు దానికి రోజూ ఆదివారమే. చొక్కాకి డీజిలు కంపు లేదు, పొద్దున్నే దగ్గు లేదు. మా గేటు వాచ్‌మనొక్కడే ఏడుస్తాడు. ఇదివరకు వీధి మొదట్లో చప్పుడు వినగానే లేచి గేటు తీసేవాడు. ఇప్పుడు ముక్కు ముందు దయ్యంలా నిలబడితే, 'వచ్చానని చెప్పి చావచ్చుగా అన్నా' అంటాడు. నాకు గొడవంతా బండితో కాదండీ, అందులో కూర్చునేవాళ్ళతో."

పదిహేడేళ్ళకే లారీ మీద క్లీనరుగా చేరి, ముప్ఫైకి ఈ ఇంట్లో కుదురుకున్నాడట. ఆ ఇంట్లో రెండు డీజిలు కార్లు ఒకదాని తర్వాత ఒకటి అతని చేతుల్లోనే ముసలివైపోయాయి. వాటి రొద అంతా ఇంతా కాదు. అందుకని మొదటి నెలలోనే ఒక పద్ధతి పడింది. వెనక సీట్లోంచి అతనితో మాట్లాడాలంటే ముందు భుజం మీద రెండు వేళ్ళతో తట్టాలి.

"టక్ టక్. అంతే. తట్టాక అన్న మాట నాది. తట్టకముందు అన్నవన్నీ వాళ్ళవి," అన్నాడు. "మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారు, ఏడ్చారు, చుట్టాల్ని తిట్టుకున్నారు. నేను రోడ్డు చూసుకున్నాను. స్టాండులో మిగతా డ్రైవర్లు నన్ను సైలెన్సరు అనేవాళ్ళు. వాళ్ళు తమ అయ్యగార్ల కథలు టీలో ముంచుకు తినేవాళ్ళు, నేను మాత్రం నోరు విప్పేవాణ్ణి కాదు. కొత్త బండి వచ్చినరోజు ఒకడన్నాడు, 'బావా, ఈ బండికి సైలెన్సరు అక్కర్లేదంట, ఇక నీ పనేంటి' అని. నవ్వాను. వాడి నాలుక మీద మచ్చుందేమో, అన్నంతా అయింది!"

"అంత రొదలో అసలు వినపడేదా?"

"మీకు పొయ్యి మీద గిన్నె మరుగుతుంటే ఇంట్లోవాళ్ళ మాట వినపడదా?"

నిజమే. వయసులో ఉన్నప్పుడు ఒక సరుకు ఓడలో రెండు నెలలు తిరిగాను. యంత్రాల గదిలోకి దిగితే నాకు నా అరుపే వినపడేది కాదు. అక్కడి మనుషులు మాత్రం బీడీ అడిగినంత మెల్లగా మాట్లాడుకునేవారు. విడవకుండా మోగే రొద కొన్నాళ్ళకు గోడలాంటిదైపోతుంది, దాని ముందు నిలబడ్డ ప్రతి మాటా స్పష్టంగా కనబడుతుంది. ఈ సంగతి యంత్రం పక్కన బతికేవాడికి తెలుసు. వెనక మెత్తల మీద కూర్చునేవాడికి తెలియదు. ఇంజను తన పరువు కాపాడుతోందనుకుంటాడు. కాపాడింది ఇంజను కాదు, ముందు సీట్లో మనిషి.

"మరి ఎక్కడ బెడిసింది?"

"నా నోటి దగ్గరే!" అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఈ బండిలో తట్టాల్సిన పనేముంది? మెల్లగా అన్నా వినపడుతుందని వాళ్ళకీ తెలుసు. 'ఏసీ తగ్గించు', 'ఎడమకి తిప్పు'... తట్టడం మానేశారు. ఇక ఏ మాట నాదో, ఏది కాదో నాకెలా తెలుస్తుంది? పది రోజుల కిందట వెనకాల ఇద్దరూ వాదులాడుకుంటున్నారు. అయ్యగారి తల్లి, పెద్దమ్మగారికి కడుపులో ఆపరేషను చేసిన డాక్టరు ఎవరు, ఏ ఆస్పత్రి అని. అయ్యగారొకటంటారు, అమ్మగారొకటంటారు. నేను ఉండబట్టలేక, 'స్టేషను వెనక ఆస్పత్రండీ, రెండో అంతస్తు, డాక్టరుగారిది ఎడమచేతివాటం, దానికే కదా పెద్దమ్మగారు భయపడింది' అన్నాను."

"సాయమే చేశారుగా!"

"చేశాను! 'ఎడమచేతివాటమని నీకెలా తెలుసు' అన్నారు అయ్యగారు. 'తిరిగొస్తూ మీరే అనుకున్నారు కదండీ' అన్నాను. పదకొండేళ్ళ కిందటి మాట పెద్దాయనా. పాత డీజిలు బండిలో. ఇద్దరూ చప్పబడిపోయారు. పాత బండయితే ఇంజనన్నా మోగేది. ఇందులో అదీ లేదు. అమ్మగారి గాజులు కూడా కదల్లేదు."

అతను లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదది.

"ఇరవై ఆరేళ్ళలో ఒక్క మాట బయటికి పోయిందా అని అడగలేదండీ. 'ఎంత విన్నావు' అని అడిగారు! దొంగసొత్తు లెక్క అడిగినట్టు! నిన్న సాయంత్రం ఈ డిప్పలు చేతిలో పెట్టి, 'రేపటి నుంచి మేము ఎక్కితే ఇవి పెట్టుకో' అన్నారు."

"ఇంట్లో చెప్పారా?"

"మా ఆవిడ కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. 'నేను గొంతు చించుకున్నా వినపడదు నీకు, వాళ్ళ గుసగుసలు మాత్రం వినపడతాయా' అని. నవ్వి నవ్వి, ఆ తర్వాత డిప్పలు చేతిలోకి తీసుకుని చూసింది. 'ఎద్దుకి కళ్ళకి గంతలు కడతారు, మనిషికి చెవులకా' అంది."

అయినా పొద్దున పెట్టుకున్నాడు. యాభై ఆరేళ్ళవాణ్ణి కొత్తగా ఎవరు పనిలోకి తీసుకుంటారు? తీసుకుందామనుకున్నా, అన్నేళ్ళ చోట ఎందుకు మానేశావని అడుగుతారు. "ఏం చెప్పమంటారు? చెవులు బాగా వినపడుతున్నాయని తీసేశారని చెప్పనా?"

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. ఇందాక వంతెన మీద వెనకనుంచి అంబులెన్సు వచ్చింది. ఎండలో దాని దీపం అద్దంలో ఆనలేదు, కూత చెవికి చేరలేదు. ఎంతసేపు దారికి అడ్డంగా ఉన్నాడో అతనికే తెలియదు. చివరికి పక్కకు తీస్తే, దాటిపోతూ ఆ బండి డ్రైవరు ఒక చూపు చూశాడట.

"మాలాంటి డ్రైవరే కదండీ వాడూ. ఆ చూపు చచ్చేదాకా మర్చిపోను. లోపల ఎవరున్నారో, ఏమయ్యారో. అప్పుడు మా అయ్యగారు డిప్ప పట్టుకు లాగి ఏమన్నారో తెలుసా? 'అంతసేపటి నుంచి కూస్తుంటే వినపడదా నీకు? చెవుడా?'"

నాకు ఒళ్ళు మండింది. పూర్వం కొన్ని దేశాల్లో రాజులు మూగవాళ్ళను, చెవిటివాళ్ళను ఏరి మరీ కొలువులో పెట్టుకునేవారని ఎక్కడో చదివాను. వాళ్ళే నయం. ఉన్న లోపాన్ని వాడుకున్నారు. వినపడే మనిషికి చెవుడు తెచ్చిపెట్టి, ఆ చెవుడుకు మళ్ళీ వాణ్ణే తిట్టడం ఏ రాజూ చెయ్యలేదు.

"తీసి మెడలో వేసుకున్నాను. ఇక పెట్టుకోనన్నాను. 'అయితే ఈ బండికి డ్రైవరే అక్కర్లేదు, గేర్లా క్లచ్చా, నేనే నడుపుకుంటాను. టీ తాగొచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకో' అన్నారు."

నాలోని పాడు బుద్ధి అప్పుడే తల ఎత్తింది. "ఇంతకీ వాళ్ళు అంత భయపడే సంగతేం విన్నారు మీరు?"

అతను నావైపు తిరిగాడు. ఆ ముఖం చూసి నా సంచి ఒళ్ళోకి లాక్కున్నాను.

"అది మీకెందుకండీ?"

ఎందుకూ అక్కర్లేదు. తల దించుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా బస్సు దగ్గింది, ఉమ్మింది, నల్లటి పొగ కక్కి ఒక్కసారిగా లేచింది. రేకులు గడగడలాడాయి. టీ కొట్టు గుమ్మంలో దంపతులిద్దరు కనిపించారు, మాకు ముప్ఫై అడుగుల దూరంలో. ఆయన ఆవిడవైపు వంగి ఏదో అన్నాడు. పెదవులు కదలడం ఒక్కటే నాకు తెలిసింది.

"'ఒప్పుకుంటాడులే, ఈ వయసులో ఎక్కడికి పోతాడు' అంటున్నారు," అన్నాడు నా పక్కనున్న మనిషి, కారువైపే చూస్తూ.

అయ్యగారు దగ్గరికి వస్తూ పిలిచాడు. "ఏమయ్యా, నిండిందా?" అతను కదల్లేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. కదల్లేదు. చివరికి ఆయన అతని వెనకాలకి వచ్చి నిలబడి, ఎన్నాళ్ళుగానో మానేసిన పని చేశాడు. భుజం మీద రెండు వేళ్ళతో తట్టాడు.

అతను అప్పుడు కదిలాడు. కారుకున్న ప్లగ్గు ఊడదీసి, కేబులు నేలకు తగలకుండా చుట్టి కొక్కేనికి తగిలించాడు. మూత నొక్కాడు. ముందు అద్దం మీద ఏదో మరక ఉంటే గుడ్డతో తుడిచాడు. మెడలోంచి డిప్పలు తీసి స్టీరింగుకు తగిలించి, తాళం కార్డు అయ్యగారి చేతిలో పెట్టాడు.

"ఏంటిది? నిన్నే!"

మా బస్సు రొదలో కూడా ఆ మాట నాకు వినపడింది. అతనికి వినపడలేదనుకోవడానికి వీల్లేదు.

అయ్యగారు నావైపు తిరిగాడు. "ఏం చెప్పాడండీ మీతో? మా ఇంటి సంగతులేమన్నా..."

"నాకు చెముడండీ," అన్నాను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

కండక్టరు నాకోసం కేకలేస్తున్నాడు. అతనికి ఒక మాట చెప్పి వెళదామని చూశాను. అప్పటికే రోడ్డెక్కి, వచ్చిన దారినే, ఎండలో, అరిగిన ఎడమ మోకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. వెళ్తున్నానని అయ్యగారికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.