రెండుసార్లు లెక్కకొచ్చిన పిల్లలు

కొట్టాయం ఆసుపత్రి లైబ్రరీలో, వైద్య పరిశోధనలు వెతికే పబ్‌మెడ్ సైటు తెరిచే ముందు డాక్టర్ రెజిత చెప్పులు విప్పి, కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంటుంది. తెర మీద వందల అధ్యయనాలు వచ్చి పడినా పెదవులు కదుపుతూ ఒక్కోటీ చదువుతుంది. ఆమెకు తొందర లేదు, విసుగూ లేదు. జూనియర్ జిబిన్ మాత్రం పసిపిల్లల కామెర్ల మందు మీద అధ్యయనాలన్నీ కలిపి చూసే సమీక్షని సాయంత్రానికి పంపాలి. "ఏరిన నాలుగు అధ్యయనాలూ కలిపితే కామెర్ల మందు పనిచేస్తుందనే తేలింది చేచీ. అయిపోయినట్టే!" అన్నాడు, ఆమెని మలయాళంలో అక్కా అని పిలుస్తూ. ఆమె వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టింది. అదే ఆసుపత్రి, అవే నెలలు, అంతమందే పిల్లలు. "ఒకే పిల్లల లెక్కని రెండు పత్రికల్లో అచ్చేశారు నాయనా. ఒకటి తీసెయ్." తీసేసి మళ్లీ లెక్కేస్తే, మందు పనిచేస్తుందని గట్టిగా చెప్పడానికి లేకపోయింది. "నా కొంప ముంచావు! ఇప్పుడేం రాయను?" అన్నాడు జిబిన్. "ఇంకా తెలీదని రాయి. పసిపిల్లలకి పోసే మందురా అది." జిబిన్ గొణుక్కుంటూనే ఆ మాట టైపు చేశాడు. రెజిత హాయిగా అరటికాయ చిప్స్ పొట్లం విప్పి, "జరుగు, మిగతా మూడూ చూద్దాం" అంది.