కుంగ్‌ఫూ గురువుగారి తీగ

కళ్లతో చూసినదాన్ని కూడా నమ్మకపోవడం అతని జబ్బు. గడియారాలు బాగుచేసే అతన్ని వీధి వీధంతా ‘భూతద్దం’ అనే పిలిచేది. పాలవాడు వస్తే పాలను వదిలేసి పాలవాడి మొహాన్ని పరీక్షించేవాడు. తల దువ్వుకుంటూ కూడా, “వదినా, ఈ అద్దం నన్ను లావుగా చూపిస్తోంది. ఎవడు అమ్మాడు మనకి?” అనేవాడు.

అన్న పోయిన తర్వాత వదిన గడప దాటడం మానేసింది. కూరగాయలు కూడా కిటికీలోంచే అందుకునేది. ఆరు నెలలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం భూతద్దం ఆయాసపడుతూ వచ్చాడు.

“వదినా, ఘోరం! సినిమాహాల్లో ఒక కుంగ్‌ఫూ గురువు గాల్లో నడిచేస్తున్నాడు.”

“నడవనీ.”

“ఎలా నడవనిస్తాం? ఎక్కడో తీగ కట్టే ఉంటారు. నా రెండు కళ్లూ చాలడం లేదు. మీరు ఎడమవైపు చూడండి, నేను కుడివైపు చూస్తాను.”

“నాకు ఓపిక లేదయ్యా.”

“అయితే మోసాన్ని అలా వదిలేద్దామంటారు!” అంటూ గుమ్మానికి అడ్డంగా బైఠాయించాడు. ఆ పోరు పడలేక ఆవిడ చెప్పులు వెతుక్కుంది. వాటికి బూజు పట్టి ఉంది.

తెరమీద ఒక్కో పోట్లాటకూ ఒక్కో రంగు. గురువు తెల్లబట్టల్లో వెదురు కొసమీద నిలబడితే చుట్టూ ఎర్రటి ఆకులు జలజలా రాలాయి. ఆవిడ కాసేపు తీగ సంగతే మరిచిపోయింది.

“వదినా, ఎడమవైపు!”

“చూస్తున్నాన్లే.”

“ఆ ఆకులు చూడండి, అన్నీ ఒకటే సైజు.”

“కాస్త నోరు మూస్తారా?” అన్నాడు వెనకసీటాయన.

“మీరు ఆ గురువు తాలూకా?” అని భూతద్దం ఆయన్ని ఎగాదిగా చూశాడు.

తీగ దొరకలేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు. మూడోనాడు అతనికి తెరమీదే అనుమానం వచ్చి దాని వెనక్కి వెళ్లి తడిమొచ్చాడు. నాలుగోనాడు తిరిగొస్తూ ఆవిడ దారిలో కూరగాయల బండి దగ్గర ఆగి చిక్కుళ్లు ఏరుకుంది.

అయిదోనాడు ఆవిడకు దొరికింది. వానలో జరిగే పోట్లాటలో, గురువు భుజం వెనక, వెంట్రుకంత వెండిగీత.

“అదిగో!” అని లేచి అరిచింది. హాలంతా ఇటు తిరిగింది.

భూతద్దం తల అడ్డంగా ఊపాడు. “అది వానచినుకు వదినా.”

“నా కళ్లతో చూశాను!”

“కళ్లని నమ్మితే ఎలా? రేపు మళ్లీ చూడాలి.”

మొదటిసారి ఆవిడకు అతనిమీదే అనుమానం వచ్చింది. విరామంలో అతను మంచినీళ్లకు వెళ్లగానే గేటు దగ్గరి మనిషిని కదిపింది.

“తీగా? మొదటాటలోనే పట్టేశాడమ్మా, ఒక్కడూ వచ్చినప్పుడు. ‘మా వదినతో చెప్పకు, ఆవిడకు ఎంత ఆలస్యంగా దొరికితే అంత మంచిది’ అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అయినా నమ్మకం లేదు. రోజూ వచ్చి, ‘చెప్పలేదు కదా?’ అని ప్రాణం తీస్తున్నాడు.”

ఆవిడ వెళ్లి సీట్లో కూర్చుంది. భూతద్దం నీళ్లగ్లాసు అందిస్తూ కళ్లు చికిలించాడు.

“ఏంటి వదినా, నవ్వుతున్నారు? గేటతను ఏమైనా అన్నాడా?”

“అబ్బే. ఆలోచిస్తే నువ్వన్నదే నిజమనిపిస్తోంది. అది చినుకే. రేపు కాస్త పెందలాడే వచ్చి ముందు వరసలో కూర్చుంటేగానీ తేలదు.”