ఖాళీ బిందె ఎదురు రాకూడదు

"ఆగండమ్మా! ఖాళీ బిందెలతో యాడికి వస్తాండారు? సామికి ఎదురు రాకూడదని తెలీదా?" అంటూ శిష్యుడు ఆశ్రమం గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

తెలియకేం, ఆ ఖాళీ బిందెలు చూపించడానికే వచ్చాం. సదుం దగ్గర మా ఊళ్లో తాగునీటి మోటారు కాలిపోయింది. మా అమ్మ మోకాళ్ల నొప్పులతోనే రోజూ పొలాల్లోని బోరు దాకా పోయి నీళ్లు మోస్తోంది. పంచాయతీ ఆఫీసుకు పోతే తాళం. సర్పంచి ఆశ్రమంలోనే ఉంటారన్నారు. ఆశ్రమం స్వామే మా సర్పంచి. స్వామి అబద్ధమాడరు గదా అని మా ఇంట్లో అందరం ఆయనకే ఓటేశాం.

"మాకు కావాల్సింది సామి కాదప్పా, సర్పంచి," అంది పక్కింటి అత్త.

"ఇద్దరూ ఒకరే గదమ్మా."

"అదే గదప్పా మా కర్మ!"

నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు. పెళ్లికి పోయేవాళ్లు కనబడితేనే ఖాళీ బిందె చాటున పెట్టుకునే మనిషి, స్వామికి ఎదురు పోతుందా? శిష్యుడు గేటు పక్కనున్న కొళాయి తిప్పి, నింపుకుని లోపలికి పొమ్మనగానే అమ్మే మొదట బిందె పెట్టింది. తర్వాత అందరూ పెట్టారు. నేనూ పెట్టాను.

నిండు బిందెలతో లోపలికి పోయి కాళ్లకు మొక్కాం. స్వామి మా బిందెల వైపు చూసి నవ్వారు.

"నీళ్లు దొరికినాయా తల్లీ?"

"దొరికినాయి సామీ," అంది అమ్మ.

పుంగనూరు బస్సులో కండక్టరుతో కూడా దారి పొడుగునా మాట్లాడే నాకు నోరు పెగల్లేదు. ఉత్త సర్పంచి అయ్యుంటే, "యాడ దొరికినాయప్పా?" అని నిలదీసేదాన్ని. అప్పుడే కాళ్లకు మొక్కి లేచినదాన్ని, ఎలా అడుగుతాను? కుంకుమ, అరటిపండు తీసుకుని బయటికొచ్చాం.

"ఏమే, ఊరంతా వినపడే నోరు ఆడ యాల పడిపోయింది?" అంది అత్త దారిలో.

"నువ్వు మాత్రం అడిగినావా అత్తా?"

"నా నోట్లో పండు ఉండాదే!"

ఎవరూ నవ్వలేదు. నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. చంకలో బిందె బరువు తెలుస్తోంది, అంతే.

ఆ నీళ్లు తీర్థమని అమ్మ దేవుడి పటాల ముందు పెట్టింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం ఇంకో బిందె తీసుకుని, కుంటుకుంటూ మళ్లీ బోరు దారి పట్టింది.

మర్నాడు పొద్దున అమ్మ లేవకముందే ఆ తీర్థాన్ని వంట గిన్నెల్లోకి వంచేశాను. ఖాళీ బిందె చంకన పెట్టుకుని పోయి, తాళం వేసిన పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను.