సుజాతక్క నవ్వలేదు

జపాన్‌లో ఒక్క మనిషే దిండు మీద కూర్చుని, తల అటూ ఇటూ తిప్పుతూ అందరి మాటలూ తనే చెప్పే హాస్యకథలున్నాయి. అలాంటి ఒక కథను పెన్సిల్‌తో బొమ్మల కథగా గీశాను. ఈ రాత్రికే పత్రికకు పంపాలి.

సాయంత్రం తుర్కపల్లిలో పని ముగించుకుని ఇంటికి వస్తూ, క్యాబ్‌లో మా ల్యాబ్ సుజాతక్కకు చూపించాను. చిన్న మాటకే పడీపడీ నవ్వే మనిషి, చివరి పేజీ దాకా పెదవి కదపలేదు.

“ఏందక్కా, బాలేదా?”

“బొమ్మలోళ్లంత ముందే పండ్లికిలిస్తున్నరు గదనే. ఇగ నేనేం నవ్వాలె?”

నిజమే. కథ చెప్పే ఆ జపాన్ మనిషి తను మాత్రం నవ్వడు. శామీర్‌పేట చెరువు వచ్చేలోగా నవ్వే నోళ్లన్నీ చెరిపి, మూసిన పెదవులు గీసి మళ్లీ ఇచ్చాను. ఈసారి అక్క పగలబడి నవ్వింది. నేను నవ్వు బిగబట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

జోకు చెప్పి ముందు తామే నవ్వేసే అలవాటు మానుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, ఎలా ఆపుకోవాలి?